సియేని కోకో

పడవలు చెక్కే ముసలాయన మీద లూపే చేసిన రేడియో కార్యక్రమంలో ఆ ముసలాయన పలికింది ఒకే ఒక్క మాట: "అవును." మిగిలిన సమయమంతా ఆ ఊరి సభల్లో మాట్లాడే పెద్దమనిషి నార చామరం భుజాన వేసుకుని, పొడుగాటి కర్ర నేలకి ఆనించి, పడవ పుట్టుక దగ్గర్నుంచి తన వంశం పుట్టుక దాకా ఊకదంపుడు ఉపన్యాసం ఇచ్చాడు. ఉలి చప్పుడు మాత్రం ఎక్కడో దూరాన, పక్కింట్లో ఎవరో కొబ్బరికాయ కొడుతున్నట్టు వినిపిస్తోంది.

మేనేజరు ఫిలిపో చెవులకున్న హెడ్‌ఫోను తీసి బల్లమీద పడేశాడు.

"ఇది పనివాళ్ళ కార్యక్రమమా, పెద్దల సభా?"

"నన్నేం చెయ్యమంటారు సార్? మైకు ఎవరి ముందు పెట్టినా వాళ్ళ వెనకనుంచి ఇంకొకరు అందుకుంటారు. పెద్దలుండగా పనిచేసేవాడు నోరు విప్పితే మర్యాద కాదట."

"ఆ సంగతి నాకు చెప్పకు. నేనూ సమోవాలోనే పుట్టాను. జాలరి అన్నావు, వాళ్ళ బాబాయి మాట్లాడాడు. చాపలల్లే ఆవిడన్నావు, పాస్టరుగారి భార్య మాట్లాడింది. ఇంకొక్కసారి ఇలాంటిది తెచ్చావంటే ఆ అరగంటా కీర్తనలకి ఇచ్చేస్తాను. కీర్తనల మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యరు."

లూపేకి ఒళ్ళు మండింది. 'పనిచేసే చేతులు' ఆమె కాళ్ళావేళ్ళా పడి సంపాదించుకున్న కార్యక్రమం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక దేశం మొత్తం చాపలమీద నడుం వాల్చే వేళకి వస్తుంది. ఆ వేళ రేడియో కట్టెయ్యడానికి కూడా ఎవరికీ ఓపిక ఉండదు కాబట్టి అందరూ వింటారు. అలాంటి వేళని చేతులారా పోగొట్టుకుంటుందా?

కోపం దిగడానికి బజారుకి వెళ్ళి పెనీనా దగ్గర కోకో తాగింది. అపియా బజారులో కోకో అమ్మేవాళ్ళు బోలెడుమంది ఉన్నా పెనీనా కోకో ముందు మిగతావన్నీ బురదనీళ్ళే. గ్లాసు అడుగున మిగిలే పొడిని వేలితో తీసుకుని తింటూ లూపే అడిగింది.

"ఇంత బాగా ఎవరు చేస్తారక్కా?"

"ఎవరేంటి? నేనే! మా అమ్మ చేసేది, మా అమ్మమ్మ చేసేది, ఇప్పుడు నేను." పెనీనా చెవిలోని పువ్వు సర్దుకుంది. "మా ఊరు రా అమ్మాయ్. వేయించడం దగ్గర్నుంచి అన్నీ చూపిస్తాను. మా నాన్నగారు మతాయి, ఇంటిపెద్ద. ఊళ్ళో ఎవరూ మన మాటకి అడ్డం రారు."

లూపేకి ప్రాణం లేచొచ్చింది. పనిచేసే మనిషి, పైగా నోరున్న మనిషి! ఇలాంటి మనిషి కోసమేగా ఇన్నాళ్ళూ కాలికి బలపం కట్టుకుని తిరిగింది.

*

వైతోలో అనే పెనీనా వాళ్ళ ఊరికి వెళ్ళే బస్సులో చోటు లేదు. ఎవరో లావుపాటి ఆవిడ తన ఒడి తట్టి "కూర్చోవే తల్లీ" అంది. లూపే ఆమె ఒడిలో కూర్చుని, రికార్డరు సంచీ తన ఒడిలో పెట్టుకుని, పాటల మోతకి చెవులు చిల్లులు పడుతుండగా ఊరు చేరింది.

ఆ ఇంటికి గోడల్లేవు. స్తంభాల మధ్య పరిచిన చాపల మీద మతాయి ఆసీ స్తంభానికి ఆనుకుని, విసనకర్రతో నెమ్మదిగా విసురుకుంటున్నాడు. రేడియో అమ్మాయి వచ్చిందని చెప్తే తల ఆడించాడు, అంతే. పెనీనా ఇస్త్రీ మడత నలగని కొత్త బట్టలు కట్టుకుని, మెడలో పూలదండ వేసుకుని సిద్ధంగా ఉంది. ఇంటి వెనకనుంచి దబ్, దబ్, దబ్ అంటూ పోటు చప్పుడు ఒకే తీరుగా వస్తోంది.

"వంటపాకలోకి వెళ్దామా అక్కా? పని జరుగుతుంటే మాట్లాడితే బాగుంటుంది."

"అక్కడేముంది, పొగ! ఇక్కడే అడుగు."

లూపే మైకు పెట్టింది. పెనీనా ఎత్తుకుంది. తోట ఎవరు నాటారు, వాళ్ళ అమ్మమ్మ కోకో తాగి ఏ గవర్నరు ఎలా మెచ్చుకున్నాడు, పోయిన ఏడాది చర్చి పండక్కి ఎన్ని బుట్టలు ఇచ్చారు... ఒక్కచోట ఆగదు, ఒక్కచోట తడబడదు.

"గింజలు వేగాయని మీకెలా తెలుస్తుంది?" అని లూపే మధ్యలో దూరింది.

"వాసన వస్తుంది కదా."

"వాసన అంటే ఎలాంటి వాసన?"

"కోకో వాసన." పెనీనా ఆమెవైపు జాలిగా చూసింది. "ఏం అమ్మాయ్, నువ్వెప్పుడూ కోకో తాగలేదా?"

లూపే చూపు పెనీనా చేతుల మీద పడింది. తెల్లగా శుభ్రంగా ఉన్నాయి, గోళ్ళకి రంగు కూడా ఉంది. గింజలు వేడిమీద వొలిచే చేతులకి గోధుమరంగు పట్టి ఎంత తోమినా పోదని సమోవాలో పసిపిల్లకి కూడా తెలుసు. అప్పటికి లూపేకి విషయం అర్థమైంది. అరికాలి మంట నెత్తికెక్కింది. మళ్ళీ అదే కథ! వెనక ఎవరో దంచుతారు, ముందు ఎవరో మాట్లాడతారు.

"పోటు చప్పుడు కొంచెం కావాలి" అంది పళ్ళ బిగువున.

పెనీనా కూర్చున్నచోటునుంచే వెనక్కి తిరిగి కేకేసింది. "ఏయ్! కాస్త గట్టిగా దంచు! రేడియోవాళ్ళకి వినపడాలట."

పోటు చప్పుడు గట్టిపడింది. లూపే ఇక ఆగలేదు. "దగ్గరగా తీసుకుంటేనే బాగుంటుందక్కా, ఒక్క క్షణం" అని లేచి, ఆసీ ముందునుంచి నడుం వంచుకుని దాటి, వెనక్కి వెళ్ళింది.

వంటపాకలో పొగ కళ్ళలో కారం కొట్టినట్టుంది. చెక్కరోటి ముందు ఒక సన్నపాటి మనిషి నిలబడి దంచుతోంది. మోచేతుల దాకా గోధుమరంగు, ముఖమంతా చెమట. లూపే మైకు రోటి దగ్గర పెట్టి, చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని వింది. పొడి పొడిగా ఉన్న చప్పుడు మెల్లమెల్లగా మెత్తబడుతోంది. గింజల్లోంచి నూనె బయటికొచ్చి, పొడి ముద్దగా మారుతున్నకొద్దీ దబ్ దబ్ పోయి చప్ చప్ మొదలైంది. ఆ మనిషి పోటు ఆపకుండానే మోకాలితో రోలు కొంచెం తిప్పి, అంచుకి అంటింది లోపలికి నెట్టుకుంది. లూపే కోపం మర్చిపోయి అలాగే విన్నది.

"మీ పేరేంటమ్మా?"

ఆమె ముందు ఇంటివైపు చూసింది. తర్వాత చెప్పింది. "సియేని. ఈ ఇంటి కోడల్ని. సామూ భార్యని."

"కోకో చేసేది మీరేనా?"

"ఇంటికోసం అందరం చేస్తాం."

"అందరూ అంటే? ఇక్కడ మీరు తప్ప ఇంకెవరూ లేరే."

సియేని పోటు రెండు దెబ్బలు వేసింది. మూడోది వెయ్యకుండా ఆపి, గొంతు తగ్గించింది.

"రేడియోలో పేరు చెప్తారా?"

"ఎవరి పేరు?"

"చేసినవాళ్ళ పేరు. నాది సవాయీ దీవి. ఫాగతోవా మా ఊరు. అక్కడ మా అన్న పెతేలో ఉన్నాడు, మీ కార్యక్రమం ఒక్క వారం కూడా వదలడు." ఆమె రోకలి మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది. "పోయిన ఏడాది మా ఆయన పెద్దమ్మ పోతే మావాళ్ళు ఇక్కడికి వచ్చారు. అంతమందిలో మా ఆడపడుచు పెనీనా మా అన్నతో అంది, మీ చెల్లెలు మా ఇంట్లో తిని కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదని. మా అన్న తలొంచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఇటు రాలేదు, కబురు కూడా లేదు. నేను చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు? రేడియోలో చెప్తే నమ్ముతాడు."

"ఎందుకన్నదా మాట?"

"ఊరికే. చావుకి కానుకగా మావాళ్ళు తెచ్చిన చాప చిన్నదని."

లూపే హెడ్‌ఫోను తీసేసింది. "చెప్తాను" అంది. "మీ పేరూ చెప్తాను, మీ ఊరూ చెప్తాను. నాది పూచీ."

ఇంట్లోంచి పెనీనా గొంతు. "అయిందా అమ్మాయ్? ఆ పొగలో ఎందుకు, రా!"

సియేని మళ్ళీ రోకలి ఎత్తింది.

*

పూచీ పడినంత తేలిగ్గా పని అవలేదు. ఫిలిపో రెండు టేపులూ విన్నాడు. దంపుడు చప్పుడు దగ్గర కళ్ళు మూసుకుని తల ఊపాడు. తర్వాత కళ్ళు తెరిచి కుదరదన్నాడు.

"అదేంటి సార్! మీరేగా పనివాళ్ళు మాట్లాడాలన్నారు?"

"మాట్లాడాలన్నాను. ఇంట్లో ఆడపడుచుకీ కోడలికీ తగువు పెట్టమన్నానా? మతాయి కూతురు మా కోకో నేను చేస్తానని చెప్తే, నువ్వు రేడియోలో కాదు కోడలు చేస్తుందని చెప్తావా? మతాయి ఒప్పుకోనిదే అది బయటికి పోదు. రేపు ఊరు ఊరంతా వచ్చి స్టేషను ముందు చాపలు పరుచుకుని కూర్చుంటే వాళ్ళకి టీలు ఎవరు పోస్తారు, నువ్వా?"

"మరి నేను ఆమెకి మాటిచ్చాను కదా?"

"నన్నడిగి ఇచ్చావా?"

లూపే ఇంటికి వెళ్తూ దారి పొడుగునా ఫిలిపోని తిట్టుకుంది, పెనీనాని తిట్టుకుంది, చివరికి తొందరపడి మాటిచ్చిన తన నోటినీ తిట్టుకుంది. ఇంట్లో అత్తగారు చాపమీద కూర్చుని ఆమెకోసం ఎదురుచూస్తోంది.

"వచ్చావా లూపే? టీ పెట్టు."

లూపే కూడా మొగుడివాళ్ళింట్లో ఉండే మనిషే. అయితే రేడియోలో పనిచేస్తుంది కాబట్టి ఆమెకి ఇంట్లో పేరుంది. మరిది భార్యకి అదీ లేదు, ఆమెని అందరూ 'ఆ పిల్ల' అంటారు. లూపే పొయ్యి దగ్గరికి వెళ్ళేసరికి ఆ పిల్ల అప్పటికే నీళ్ళు పెట్టేసి ఉంది. "ఇటివ్వు, నేను పోస్తాను" అని లూపే విసురుగా కెటిల్ లాక్కుంది. ఎందుకు విసుక్కుందో ఆ పిల్లకి అర్థం కాలేదు. లూపేకీ సరిగ్గా తెలియలేదు.

*

శనివారం మధ్యాహ్నం దాటాక మళ్ళీ వైతోలో వెళ్ళింది. ఈసారి బస్సులో చోటు దొరికింది కానీ దారిలో టైరు పేలింది. ఊరు చేరేసరికి కొబ్బరిచెట్ల నీడలు రోడ్డుకి అడ్డంగా పడుకున్నాయి.

ఆసీ అదే స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. లూపే ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, వచ్చినందుకు క్షమాపణ చెప్పుకుని, ఇంటి గొప్పతనం నాలుగు మాటలు పలికి, చివరికి అసలు విషయానికి వచ్చింది.

"కోకో చేసినవాళ్ళ పేరు కార్యక్రమంలో చెప్పుకోవడం మాకు అలవాటండీ. మీ కోడలు సియేని పేరు చెప్పడానికి మీ అనుమతి కావాలి."

ఆసీ విసనకర్ర ఆగింది. మళ్ళీ కదిలింది.

"ఇంట్లో చేసింది ఇంటిది" అన్నాడు. "పేరెందుకు?"

 లూపే జవాబు చెప్పేలోపలే పెనీనా బజారు బుట్టలు దింపుతూ ఇంట్లోకి వచ్చింది. అప్పుడే ఊళ్ళోకొచ్చిన బస్సు దిగినట్టుంది, చెవిలో పువ్వు వాడిపోయి ఉంది.

"ఎవరి పేరు? సియేని పేరా? అదే చెప్పిందా నీకు ఇలా చెప్పమని?"

"ఎవరూ చెప్పలేదక్కా. కళ్ళతో చూశాను."

"ఏం చూశావు? దంచడం చూశావు. దంచడం ఎవరైనా దంచుతారు, చేతులుంటే చాలు. కోకో అంటే వేయించడం! ఆ వేయింపులో ఉంది మా అమ్మమ్మ విద్యంతా." పెనీనా మెడలో దండ తీసి స్తంభానికి తగిలించింది. "తీసుకురా నీ మిషను. నా చేత్తో వేయిస్తాను, విను. విని, అప్పుడు చెప్పు ఎవరి పేరు చెప్పాలో."

వంటపాకలో సియేని సాయంత్రం వంట ముగించి, నిప్పు చెదరగొట్టి, పొయ్యి ఊడుస్తోంది. పెనీనా ఎండిన గింజల బుట్ట లాగింది, ఇనప పెనం పొయ్యిమీద పడేసింది, ఆరిపోతున్న నిప్పుల మీద కొబ్బరి డొక్కలు కుప్పగా పోసింది. మంట ఒక్కసారి ఎగిసింది.

"వదినగారూ," అంది సియేని, చీపురు పట్టుకునే, "పొద్దు వాలింది..."

"పొద్దు సంగతి నాకు తెలుసులే. నువ్వు ముట్టుకోకు. అవతలికి పో."

సియేని లూపేవైపు ఒకసారి చూసింది. చీపురు మూల పెట్టి వెళ్ళిపోయింది. లూపే కూడా అప్పుడు ఆలోచించలేదు. ఆమె ధ్యాసంతా మైకు మీద ఉంది. గింజలు పెనం మీద గలగలమంటున్నాయి, పెనీనా గరిటెతో ఎడాపెడా తిప్పుతోంది, మాట్లాడుతూనే ఉంది.

"ఇదిగో, ఇలా! చేయి ఆగకూడదు. ఆగిందా, అంతే సంగతులు. మా అమ్మమ్మ అనేది..."

శంఖం ఊదారు.

పెనీనా గరిటె గాలిలో ఆగిపోయింది. సాయంత్రం ప్రార్థనవేళ అది. వైతోలోలో ఆ వేళ నియమం నియమమే. మొదటి శంఖానికి అందరూ ఇళ్ళు చేరాలి, రెండోదానికి చాపలమీద కూర్చోవాలి, మూడోది ఊదేదాకా కదలకూడదు. రోడ్డు పొడుగునా కుర్రవాళ్ళు కర్రలు పట్టుకుని కాపలా ఉంటారు. గోడల్లేని ఇళ్ళు కదా, ఎవరు లేచినా ఊరంతటికీ కనపడుతుంది. అందులోనూ మతాయి ఇల్లు. అందులోనూ కీర్తన ఎత్తుకోవాల్సింది మతాయి కూతురు.

రోజూ బజారునుంచి తిన్నగా ప్రార్థనకి వచ్చి కూర్చునే మనిషికి, ఆ వేళకి పొయ్యి ఎలా ఉండాలో ఎందుకు తెలుస్తుంది? పెనీనా మంటవైపు చూసింది, పెనంవైపు చూసింది. పెనం దించుదామని అంచు పట్టుకుని, చెయ్యి కాలి, "అబ్బా!" అని వదిలేసింది. రెండు డొక్కలు కాలితో ఇవతలికి తన్నింది. రెండో శంఖం ఊదారు.

"ఎంతసేపులే, ఏం కాదు" అంది ఎవరితోనో. వేలు నోట్లో పెట్టుకుని ఇంట్లోకి పరుగెత్తింది. లూపే రికార్డరు చంకన పెట్టుకుని వెనకే పరుగెత్తింది.

*

కీర్తన అయింది. పెనీనా గొంతు బాగుంటుంది, అది ఒప్పుకోవాలి. తర్వాత బైబిలు చదివారు. సామూ నెమ్మదిగా, పదం పదం కూడబలుక్కుని చదివాడు. లూపే చాపమీద ఒక చివర కూర్చుంది. రికార్డరు మోకాలి పక్కన ఉంది. దాని ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉందని ఆమె అప్పుడు చూసింది. కట్టేద్దామనుకుంది, కానీ ఆ నిశ్శబ్దంలో మీట టక్కుమంటే అందరూ తిరిగి చూస్తారు. వదిలేసింది.

ఆసీ ప్రార్థన మొదలుపెట్టాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆసీ మామూలుగా మాట్లాడడు కానీ దేవుడితో మాట్లాడటం మొదలుపెడితే ఆపడు. వానకి కృతజ్ఞత చెప్పాడు. పనసకాయలకి చెప్పాడు. పాస్టరుగారి మోకాలి నొప్పి తగ్గించమన్నాడు. ఒక్కొక్క బంధువునీ పేరు పెట్టి కాపాడమన్నాడు.

అప్పుడు వాసన వచ్చింది.

మొదట కమ్మగా వచ్చింది. లూపే ముక్కుతో పీల్చుకుంది కూడా. ఆ తర్వాత ఆ కమ్మదనంలో ఏదో చేదు కలిసింది. ఆ చేదు పెరిగింది. లూపే కళ్ళు కొద్దిగా తెరిచి చూసింది. పెనీనా కళ్ళు గట్టిగా బిగించి మూసుకుంది, నుదుటిమీద చెమట. సామూ ముక్కు ఎగపీలుస్తున్నాడు. సియేని ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. కుడిచేతి వేళ్ళు మాత్రం గరిటె తిప్పుతున్నట్టు కదులుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్ళీ కదులుతున్నాయి. పిల్లాపాపల్తో సహా ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలుసు వెనక ఏమవుతోందో. ఒక్కరూ కదలరు. రోడ్డుమీద కర్రలతో నిలబడ్డ కుర్రవాళ్ళు కూడా తలలు తిప్పి ఇటే చూస్తున్నారు. ఎన్నాళ్ళు ఎండలో ఎండిన గింజలో అవి! లూపేకి అరవాలనిపించింది. ఎవరైనా లేవండర్రా, ఇదేం నియమం, ఇదేం మర్యాద, ఎవరైనా లేవండి!

ఆసీ గొంతు ఆగింది. ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చాడు. కళ్ళు తెరవలేదు.

"తండ్రీ," అన్నాడు, "నువ్వు పండించిన కోకో మా వంటపాకలో మాడిపోతోంది. నీకు తెలుసు, మాకూ తెలుసు. దాన్ని పొయ్యిమీద ఎవరు పెట్టారో కూడా నీకు తెలుసు, ఆ సంగతి నేను తర్వాత మాట్లాడుకుంటాను. సియేనిని లేచి వెళ్ళమని చెప్పు తండ్రీ. ఈ ఇంట్లో ఆ పని తెలిసిన మనిషి సియేని ఒక్కతే."

 సియేని కళ్ళు తెరిచింది. ఆ పేరు తనదేనా అన్నట్టు చూసింది. ఆ ఇంట్లో ఆమెని 'ఏయ్' అన్నారు, 'సామూ భార్య' అన్నారు, 'సవాయీ పిల్ల' అన్నారు. మామగారి నోట పేరు వినడం అదే మొదలేమో. ఆమె లేచి, అందరి ముందునుంచీ నడుం బాగా వంచుకుని, ఒక చెయ్యి నేలవైపు చాచి దాటి, మెట్టు దిగగానే పరుగు అందుకుంది. వెనక పెనం నేలమీద ఈడ్చిన చప్పుడు, గరిటె గోకిన చప్పుడు, గింజలు చాటలోకి జలజల పడిన చప్పుడు వినపడ్డాయి.

"మేము తెలిసీ తెలియక చేసిన తప్పులు క్షమించు," అని ఆసీ అంతకుముందు ఎక్కడ ఆపాడో అక్కడినుంచే అందుకున్నాడు. ఇంకా చాలాసేపు ప్రార్థించాడు.

*

మూడో శంఖం ఊదగానే పెనీనా లూపే మీద పడింది.

"ఆ మిషను నడుస్తోందా?"

"నడుస్తోంది."

"చెరిపెయ్యి. ఇప్పుడే చెరిపెయ్యి. ప్రార్థన అది, సర్కస్ కాదు."

లూపే ఆసీవైపు చూసింది. నిజమే, ప్రార్థన. ఆయన వద్దంటే ఇక చేసేదేమీ లేదు, కీర్తనలు వేసుకోవడమే. పైగా తను అడగకుండా తీసుకుంది. ఆ మాటే చెప్పుకుంది.

"కావాలని చెయ్యలేదండీ. మీరు చెరపమంటే చెరిపేస్తాను."

ఆసీ విసనకర్ర కోసం చాపమీద తడుముకున్నాడు. పెనీనాయే అందించింది, ముఖం అటు తిప్పుకుని.

"దేవుడికి చెప్పిన మాట మనుషులు వింటే ఏం?" అన్నాడు ఆయన. "నేనేమైనా అబద్ధం చెప్పానా?"

"నాన్నా! ఊరందరి ముందూ నా పరువు..."

"నీ పేరు చెప్పానా నేను? చెప్పలేదు. అమ్మేది నువ్వు, నీ అంత బాగా ఎవరూ అమ్మలేరు. అది చెప్పుకో." ఆయన విసురుకోవడం మొదలుపెట్టాడు. "నేను ఉట్టి ముసలివాణ్ణి, నాకు ముక్కు మాత్రం బాగా పనిచేస్తుంది. ప్రతి ఉదయం ఎవరి కోకో తాగుతున్నానో నాకు తెలియదనుకున్నారా?"

తెలిస్తే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ అని లూపేకి నోటిదాకా వచ్చింది. పళ్ళు బిగించి మింగేసింది.

సియేని చాటతో వచ్చింది. సగం బొగ్గు, సగం బాగానే ఉన్నాయి. కూర్చుని ఒక్కొక్క గింజా ఏరుతోంది. లూపే మైకు ఆమె ముందు పెట్టి, "ఇప్పుడు మీరే చెప్పండి" అంది.

సియేని మైకు చూసింది, మామగారిని చూసింది, ఆడపడుచుని చూసింది. మళ్ళీ గింజలు ఏరడం మొదలుపెట్టింది. లూపేకి తల ప్రాణం తోకకొచ్చింది. ఇన్ని తిప్పలు పడి, ఇంత జరిగాక, మైకు ముందు ఈవిడ కూడా మూగనోమేనా!

"పేరు చెప్పండమ్మా. పేరు చెప్తే చాలు."

"సియేని" అంది సియేని. గింజ ఒకటి బొటనవేలితో నొక్కి పొట్టు తీసింది, టిక్కుమంది. "సవాయీలో ఫాగతోవా మా ఊరు. వైతోలోలో ఉంటాను. కోకో చేస్తాను." ఇంకో గింజ తీసుకుంది. "రోజూ చేస్తాను. ఇక ఆపెయ్యండి."

*

ఆదివారం ప్రసారమైంది. ఫిలిపో ప్రార్థన దగ్గర నవ్వు ఆపుకోలేక గదిలోంచి బయటికి వెళ్ళి, తిరిగొచ్చి, "వెయ్యి, మతాయే ఒప్పుకున్నాక నాదేముంది" అన్నాడు. లూపే ఇంట్లో అత్తగారు చాపమీద పడుకుని విన్నది, పొట్ట పట్టుకుని నవ్వింది, చివర్లో సియేని గొంతు వచ్చినప్పుడు మాత్రం నవ్వు ఆపి లేచి కూర్చుంది. గిన్నెలు తోముతున్న మరిది భార్య చెయ్యి ఆపి విన్నది. "మాలీనా, నీళ్ళు వృథాగా పోతున్నాయి" అని అత్తగారు అంది. ఆ పిల్ల పేరు మాలీనా అని అత్తగారికి గుర్తుందని లూపేకి అప్పటిదాకా తెలియదు.

మంగళవారం లూపే బజారుకి వెళ్ళింది. పెనీనా ఆమెని చూసీ చూడనట్టు గ్లాసులు కడిగింది.

"నా మాటలన్నీ కోసేశావు" అంది చివరికి. "కొత్త బట్టలు కట్టుకున్నాను తెలుసా ఆ రోజు?"

"రేడియోలో బట్టలు కనపడవు కదక్కా."

"నోరు మూసుకుని తాగు." గ్లాసు ఠప్పున పెట్టింది. "పొద్దున్నుంచీ ఇదే గోల. వచ్చిన ప్రతివాడూ సియేని కోకో ఉందా, సియేని కోకో ఉందా! ఇన్నేళ్ళు ఎండలో నిలబడి అమ్మింది నేను. నన్నొక్కడైనా అడిగాడా?"

లూపేకి ఆమెమీద మొదటిసారి కొంచెం జాలేసింది. గ్లాసు అడుగున పొడి వేలితో తీసుకుంది.

అప్పుడొక మనిషి వచ్చి నిలబడ్డాడు. పొడుగ్గా, ఎండకి నల్లబడి ఉన్నాడు. ఓడ దిగి తిన్నగా వచ్చినట్టు బట్టలమీద ఉప్పునీటి చారలున్నాయి. భుజాన కావడి, దానికి రెండువైపులా చేమదుంపల కట్టలు. పెనీనా అతన్ని చూసి, చేతిలో గుడ్డ పిండుతూ అలాగే ఉండిపోయింది. ఆమె ముఖం చూడగానే లూపేకి అర్థమైంది. చెయ్యి తనంతట తనే సంచీలోని రికార్డరు మీదకి పోయింది. లూపే చేతిని వెనక్కి తీసుకుంది.

అతను పెనీనాని పలకరించలేదు. తలా దించుకోలేదు. కోకో అడగలేదు.

"వైతోలో బస్సు ఎక్కడ ఆగుతుంది?" అన్నాడు.

పెనీనా గుడ్డ బల్లమీద పెట్టింది. గ్లాసు తీసి, కోకో పోసి, పంచదార ఇంకో చెంచా ఎక్కువ వేసి, కలిపి, అతని ముందుకి జరిపింది.

"అదిగో, ఆ ఆకుపచ్చ బస్సు. కదలడానికి ఇంకా టైముంది" అంది. "తాగి వెళ్ళు. నీ చెల్లెలు చేసిందే."